సర్ఖనిలో చెప్పిన ఉదాహరణ

నాకు కుదురు లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది. అన్నం తింటూ తింటూ లేచి తిరుగుతానని, ఒక పని చేస్తూ ఇంకో పని మొదలుపెడతానని ఆమె బాధ. నాందేడ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లు నర్సుగా చేశాక, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు ఊరూరా తిరిగే ఉద్యోగం ఒకటి దొరికింది. "పో, నీకు గదే సరిపోతది" అన్నది అమ్మ.

ఊళ్లలో ఆరోగ్య పని చేసే ఆడవాళ్లకు హెచ్‌ఐవీ ఎలా సోకుతుందో, సోకకుండా ఎలా చూసుకోవాలో నేర్పడం ఆ ఉద్యోగం. కిన్వట్ తాలూకాకు తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన మనిషి కావాలన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడుతూ పెరిగినదాన్ని కాబట్టి నన్ను తీసుకున్నారు. వారంలో నాలుగు రోజులు ఎస్టీ అనే సర్కారు బస్సుల్లోనూ జీపుల్లోనూ గడిచేవి. ఇంట్లో మా ఆయన, ఐదేళ్ల పాప, అమ్మ ఉండేవాళ్లు.

మొదటి శిక్షణ ఇస్లాపూర్‌లో, ఎండాకాలం సెలవులకు మూసి ఉన్న బడి గదిలో పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదమూడు మంది వచ్చారు. కొందరు అంగన్‌వాడీల్లో పనిచేసేవాళ్లు, కొందరు పొదుపు సంఘాలవాళ్లు. ఒకామె మాత్రం దాయి, అంటే మంత్రసాని. యాభై దాటి ఉంటాయి. పాతికేళ్లుగా నాలుగైదు ఊళ్లలో కాన్పులు చేస్తోంది. అందరూ నోటు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది.

నేను బొమ్మల పటాలు తిప్పుతూ రక్తం, సూది, శారీరక సంబంధం, తల్లి నుంచి బిడ్డ అని పుస్తకంలో ఉన్న వరుసలోనే చెప్పుకుంటూ పోయాను. మధ్యాహ్నం కట్టెతో చేసిన నమూనా బయటికి తీసి, నిరోధ్ ఎలా తొడగాలో చూపించాను. పన్నెండు మంది కొంగులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. దాయి ఒక్కతే తేరిపార చూసింది.

"బాయీ, ఈ కట్టె నువ్వేం జేసినా గమ్మున నిలబడ్తది. ఇంట్ల మొగోడు గిట్ల నిలబడ్తడా? ఆయనకు ఎట్ల చెప్పాలె, ముందుగాల గది చెప్పు" అంది.

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. పుస్తకంలో ఆ పేజీయే లేదు. అప్పుడామె లేచి, తలకు తువ్వాల చుట్టుకుని, మొగుడి వేషం వేసింది. "రెండు నెలలకు ఇంటికచ్చిన. పక్కకు రమ్మంటే రబ్బరు ముచ్చట తీస్తవేంది? నా మీద అనుమానమా?" అని ఒక్కొక్కరినీ దబాయించింది. ఒక్కొక్కరూ జవాబు చెప్పడానికి ప్రయత్నించారు. కొందరు తడబడ్డారు. ఒకామె కోపం తెచ్చుకుంది. చివర్లో అందరిలోకీ చిన్నదైన ఒక పిల్ల, దాయి ఊళ్లోనే అంగన్‌వాడీలో పనిచేసేది, తల వంచుకుని "పిల్లలు చిన్నగున్నరు, ఇద్దరం బతికుండాలె" అంది. దాయి తువ్వాల తీసేసి, "గిట్ల చెప్పితే ఇంటడేమో" అని కూర్చుంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఆమె నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపింది. వేళ్ల మీద కొడవలి గాట్లు.

"ఇన్నేండ్ల సంది ఉత్త చేతులతోని తీస్తున్న. నువ్వు చెప్పినట్టయితే నాకు గూడ ఉండొచ్చు గదా?"

అంత తేలిగ్గా సోకదని, అయినా పరీక్ష చేయించుకుంటే మంచిదని చెప్పాను.

"నువ్వు చేయించుకున్నవా?"

లేదు. ఆసుపత్రిలో వాడిన సూది నాకు రెండుసార్లు గుచ్చుకుంది. రెండుసార్లూ చెయ్యి కడుక్కుని పనిలో పడ్డాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను పటాలు సర్దడం మొదలుపెడితే ఆమెకు అర్థమైంది. మరుసటి వారం ఆమె రైలెక్కి నాందేడ్ వచ్చింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని రక్తం ఇచ్చాం. ఫలితం వచ్చే వరకు నేను ఏ పనీ సరిగా చేయలేదు, బట్టలు ఆరేయడానికి వెళ్లి బకెట్ అక్కడే వదిలి వచ్చేదాన్ని. ఇద్దరికీ లేదని తేలాక ఆమె చాయ్ తాగి రైలెక్కి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆమెను అక్కా అనడం మొదలుపెట్టాను.

నాలుగు నెలల తర్వాత అక్క ఒక జంటను వెంటబెట్టుకుని నాందేడ్ వచ్చింది. ఆమె ఊరివాళ్లే. భర్త లారీ డ్రైవరు. దగ్గుతో, జ్వరంతో సగమైపోయాడు. భార్యకు ఇరవై రెండేళ్లుంటాయేమో, ఏడో నెల. వాళ్లను పరీక్షకు తీసుకెళ్లాను. ఇద్దరికీ ఉందని తేలింది. ఆ అమ్మాయి ఏడవలేదు. "కడుపులో దానికి?" అని అడిగింది. అప్పటికి పెద్దవాళ్లకు మందులు మా వైపు ఉచితంగా దొరికేవి కావు. కానీ నొప్పులు మొదలైనప్పుడు తల్లికి ఒక మాత్ర, పుట్టిన బిడ్డకు మందు చుక్కలు ఇస్తే బిడ్డకు సోకే భయం బాగా తగ్గుతుంది. దానికి కాన్పు నాందేడ్‌లోనే చేయించుకోవాలి. సరేనంది. ఈ సంగతి వాళ్లిద్దరికీ, అక్కకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి వారం నాకు సర్ఖనిలో శిక్షణ. రెండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఎవరికీ వినే ఓపిక లేదు. ఒకామె చాప పుల్లలు పీకుతోంది. ఇంకొకామె నోటు పుస్తకంతో విసురుకుంటూ, "ఈ రోగం షహర్లది మేడం. మా దిక్కు మలేరియా ఉన్నది, కామెర్లున్నయి. గవ్వి చెప్పుండ్రి" అంది. మిగతావాళ్లు తలలూపారు. నాకు చిరాకేసింది. పటాలు పక్కన పడేశాను.

"షహర్లదా? ఇస్లాపూర్ పక్క ఊళ్లెనే ఉన్నది" అని మొదలుపెట్టాను. ఒక లారీ డ్రైవరు, అతని భార్యకు ఏడో నెల, పోయిన వారమే నా ఎదురుగా కూర్చుని కడుపులో బిడ్డ గురించి అడిగింది అని చెప్పాను. ఆమె ఎలా కూర్చుందో, ఎలా అడిగిందో కూడా చెప్పాను. విసురుకుంటున్నామె చెయ్యి ఆగిపోయింది. చాప పుల్లల చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. ఆ నిశ్శబ్దంలోనే, ఇలాంటివి ఎవరికీ చెప్పకూడదని, రహస్యం కాపాడటం మన పనిలో మొదటి మాట అని కూడా చెప్పాను. బాగా చెప్పానని సంతోషపడుతూ బస్సెక్కాను.

పది పన్నెండు రోజులకు అక్క నాందేడ్‌లోని మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎవరి నోట్లకెల్లి పోయింది, గది తెల్వాలె నాకు" అంది.

ఊరంతా తెలిసిపోయింది. అత్త ఆ అమ్మాయిని పశువుల కొట్టంలో పడుకోబెట్టింది. కంచం, చెంబు వేరు చేసింది. కొడుకు మాత్రం ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు, ఆమే వాడికి గంజి తాగిస్తోంది. కోడలే రోగం తెచ్చిందని ఊళ్లో చెబుతోంది.

"నాకైతే ఆ అంగన్‌వాడీ పిల్ల మీదనే అనుమానం" అంది అక్క. "ట్రైనింగుల కూసున్నది ఊళ్లె మేమిద్దరమే. వాళ్లను నాందేడ్ తోల్కపోతుంటె గూడ అది చూసింది. పొద్దుగాల రెక్క పట్టి అడిగిన. నాకు తెల్వదని ఏడ్చుకుంట కూసున్నది. దానితోని ఎవ్వరు మాట్లాడ్తలేరు ఇప్పుడు."

సర్ఖనిలో విసురుకుంటూ ఆగిపోయిన చెయ్యి గుర్తొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ విసురుకున్నామె చెల్లెల్ని ఇచ్చింది అక్క వాళ్ల ఊరికేనని. నేను ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఊరుకుందామా అన్న ఆలోచన వచ్చింది కూడా. లేచి బల్ల మీది కాగితాలు సర్దాను, మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను.

"ఆ పిల్ల చెప్పలేదక్కా. నేనే చెప్పిన. సర్ఖనిల, ట్రైనింగుల."

అక్క అప్పుడు కూర్చుంది.

"పేరు చెప్పినవా?"

"లేదు."

"ఊరు?"

"ఇస్లాపూర్ పక్కదన్న."

"లారీ అన్నవా?"

"అన్న."

"ఏడో నెల అన్నవా?"

"అన్న."

"ఇగ ఏం మిగిల్చినవ్" అంది. తిట్టలేదు. లేచి, "నడువు. బస్సున్నది" అంది.

ఆ రోజు బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నా నేను భోకర్ దాటేదాకా నిలబడే ఉన్నాను. కూర్చుంటే ఏదో అయిపోతుందన్నట్టు ఉంది. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఊళ్లో దిగాక నన్ను నేరుగా అంగన్‌వాడీ పిల్ల ఇంటికి తీసుకెళ్లింది. వాకిట్లో ఆ పిల్ల అత్త, ఇద్దరు పొరుగువాళ్లు ఉన్నారు. వాళ్ల ముందే, ఆ పిల్ల ఏ మాటా బయటపెట్టలేదని, తప్పు నాదని నాతో చెప్పించింది. ఆ పిల్ల తలుపు వెనకనుంచి బయటికి రాలేదు. అక్క తలుపు దగ్గరికి వెళ్లి, "ఒట్టిగ నీ రెక్క పట్టిన బిడ్డా. తప్పు నాది" అని చెప్పి వచ్చింది.

తర్వాత డ్రైవరు ఇల్లు. అతని తల్లి గడపలో అడ్డంగా కూర్చుంది. ముట్టుకుంటే సోకదు, కంచంతో సోకదు, గాలితో సోకదు అని నేను శిక్షణలో చెప్పేవన్నీ చెప్పాను. ఆమె అంతా విని, "అయితే దాని కంచంల నువ్వు తింటవా?" అని అడిగింది.

తిన్నాను. కొట్టంలో, ఆ అమ్మాయి పక్కన కూర్చుని, ఆమె కంచంలోనే జొన్నరొట్టె, పప్పు తిన్నాను. అత్త చూస్తూనే ఉంది. అయ్యాక, "నువ్వు తిని పోతవు. నేను ఈ ఊళ్లెనే ఉండాలె" అంది. నేను కంచం తీసుకెళ్లి కడిగి పెట్టాను.

అత్త లోపలికి వెళ్లాక ఆ అమ్మాయికి నిజం చెప్పాను. పేరు చెప్పలేదని కూడా అన్నాను, అది ఎందుకు అన్నానో నాకే తెలియదు.

"పేరెందుకు ఇగ" అంది ఆమె. చాలాసేపు గడ్డి పోచ ఒకటి విరుస్తూ కూర్చుంది. "నాకు అమ్మ లేదు. అన్న ధర్మాబాద్‌ల ఉంటడు, ఒక్కటే అర్ర. నేను ఏడికి పోవాల్నో నువ్వే చెప్పు."

కాన్పు దాకా మా ఇంటికి రమ్మన్నాను. వస్తానంది. వేరే దారి లేక వచ్చింది. దాన్ని నేను క్షమాపణ అని ఏనాడూ అనుకోలేదు. బయలుదేరేటప్పుడు భర్త మంచం మీది నుంచి లేచి, గోడ పట్టుకుని బయటికి వచ్చి, ఆమె బట్టల సంచి ఎత్తి జీపులో పెట్టాడు. ఆ కాస్త బరువుకే ఆయాసపడ్డాడు.

మా ఇంట్లో ఆమె ఐదు వారాలకు పైనే ఉంది. అత్తింట్లో గొడవ పడింది, కాన్పు దాకా ఇక్కడే ఉంటుందని అమ్మకూ మా ఆయనకూ చెప్పాను. అంతకు మించి చెప్పడానికి నాకు హక్కు లేదు. అమ్మ రోజుకోసారి, "ఆ పిల్ల గంత బక్కగున్నదేంది, ఏమన్న జబ్బా?" అని అడిగేది. ఏమీ లేదనేదాన్ని. ఆ అమ్మాయి మాత్రం ఊరికే కూర్చునేది కాదు. బియ్యం ఏరేది, అమ్మ కాళ్లు పిసికేది, మా పాపకు జడలు వేసేది.

ఒక రోజు మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు పాప వెళ్లి ఆమె ఒళ్లో కూర్చుని, ఆమె కంచంలోంచి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది, పాపను లాగడానికి. మధ్యలో ఆపుకున్నాను. ఎంతమందికి చెప్పాను కంచంతో సోకదని. ఆ కొట్టంలో ఆమె కంచంలో నేనే తిన్నాను. అయినా చెయ్యి లేచింది. ఆమె చూసింది. పాపను పక్కన కూర్చోబెట్టి కంచం జరుపుకుంది. ఆ తర్వాత ఆమె మేమందరం తిన్నాకే తినేది. నేను ఎంత చెప్పినా వినలేదు.

నొప్పులు ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి మొదలయ్యాయి. మాత్ర వేయించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కకు కబురు పంపితే మధ్యాహ్నం బండికి వచ్చేసింది. లోపల డాక్టరమ్మ, నర్సులు వాళ్ల పని వాళ్లు చేశారు. బయట బెంచీ మీద అక్క కూర్చుంది. నేను వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాను. "నువ్వు తిరిగితే జల్ది పుడ్తదా? ఊకె కూసో" అంది అక్క. ఆ బస్సు ప్రయాణం తర్వాత ఆమె నాతో మామూలుగా మాట్లాడటం అదే మొదలు. నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. చుక్కలు వేశారు. అక్క పిల్లను తన చేతుల్లోకి తీసుకుని, తాను పుట్టించని బిడ్డ కాబట్టో ఏమో, అటూ ఇటూ తిప్పి బాగా పరీక్షగా చూసింది.

పది రోజులకు అన్న వచ్చి తల్లీపిల్లల్ని ధర్మాబాద్ తీసుకెళ్లాడు. ఆ చలికాలం పోకముందే భర్త చనిపోయాడు. కబురు ఆమెకు ఆలస్యంగా చేరింది.

నేను ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానలేదు. మాండవిలో తర్వాతి శిక్షణకు నాతో పాటు చెప్పడానికి అక్కను పిలిచాను. రెండో రోజు రహస్యం గురించిన పాఠం వచ్చింది. నేను మొదలుపెట్టబోతుంటే అక్క చెయ్యెత్తి, "గిది నేను చెప్త" అంది. ఊరు చెప్పలేదు, బండి చెప్పలేదు, నెల చెప్పలేదు. "ఒక ఆడమనిషి పానం మీదికచ్చిన సంగతి ఒకటి, కడుపుల దాచుకోవాల్సింది, బయటికి పోయింది. ఎవరో తాగుబోతు నోట్లకెల్లి పోలేదు. ఈ మేడం నోట్లకెల్లి పోయింది" అని నన్ను చూపించింది. ఇరవై మంది నన్ను చూశారు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను, బయటికి వెళ్లిపోవాలనిపించింది, వెళ్లలేదు. ఒకామె అడిగింది, "మరి మా సంగతులు మీకెందుకు చెప్పాలె మేడం?"

"చెప్పబుద్ధి కాకపోతే చెప్పకుండ్రి" అన్నాను. అంతకన్నా నిజమైన మాట నాకు దొరకలేదు.

అప్పటి నుంచి ఆ పాఠానికి అర పూట పెట్టాం. ఒకామె ఎవరి పేరూ చెప్పకుండా ఒక సంగతి చెప్పాలి. మిగతావాళ్లు ఆ మనిషి ఎవరో కనుక్కోవాలి. ఊళ్ల మనుషులు, ఒక్క మాటతో పట్టేస్తారు. గొంతుతో పట్టేస్తారు, చెబుతున్నామె ఏ వైపు చూసిందో దాంతో పట్టేస్తారు. చివరికి ఎవరూ ఏమీ చెప్పడానికి ఇష్టపడని దాకా ఆట సాగేది. అక్కడ ఆపేదాన్ని.

ధర్మాబాద్ వెళ్లిన ఆ అమ్మాయి, తన పాపకు ఏడాదిన్నర నిండాక పరీక్ష చేయించడానికి నాందేడ్ వచ్చింది. పాపకు లేదు. కాగితం రెండుసార్లు చదివించుకుంది, మడిచి జాకెట్లో పెట్టుకుంది. మందులు ఉచితంగా రావడం మొదలయ్యాక తనూ వాడటం మొదలుపెట్టింది.

కొన్నేళ్లకు పని మీద ధర్మాబాద్ వెళ్లినప్పుడు ఆమెను చూశాను. మిర్చి మండీలో తొడిమలు తీసే పనిలో ఉంది. మనిషి నిండుగా అయ్యింది. నా కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే, "మిర్చి ఘాటు. పది దినాలకు అలవాటయితది" అంది. పక్కన కూర్చున్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఇప్పుడు గూడ ట్రైనింగుల నా సంగతి చెప్తున్నవా?"

"లేదు."

"చెప్పు. కాని నువ్వు చూసింది గాదు, నేను చెప్పింది చెప్పు."

తొడిమలు తీస్తూనే చెప్పింది. కొట్టంలో పడుకోబెట్టిన మొదటి మూడు రోజులు చేతిపంపు దగ్గరికి ఆమెను రానివ్వలేదట. ఎవరో బిందెలో పైనుంచి నీళ్లు పోసి పోయేవాళ్లట. నాలుగో రోజు పొద్దున, అందరూ వరుసలో ఉన్నప్పుడే, ఆమె బిందె తీసుకుని వెళ్లి నిలబడింది. ఎవరో అరిచారు. తన వంతు వచ్చేదాకా నిలబడి, పంపు తనే కొట్టుకుని, బిందె నింపుకుని, ఏడు నెలల కడుపుతో ఎత్తుకుని వచ్చింది. ఆ తర్వాత రోజూ వెళ్లింది.

ఆ సంగతి నాకు తెలియదు. అక్క కూడా చెప్పలేదు.

"నువ్వు ఊళ్లెకచ్చింది దాని తర్వాత" అంది. "కొట్టంల కూసోని ఏడ్చే దాని లెక్కనే చెప్తరు అందరు నా గురించి. నేను నీళ్లు తెచ్చుకున్న. గది చెప్పు."

ఇది రాస్తానని, పేర్లు ఉండవని, ఊరు మారుస్తానని, ఆయన నడిపిన బండి కూడా మారుస్తానని తర్వాత ఆమెకు చెప్పి, సరేనా అని అడిగాను. అన్నీ ఒక్కొక్కటిగా విని ఒప్పుకుంది. ఇంకో రెండు సంగతులు వద్దంది. అవి రాయలేదు.

ఆ రోజు మండీలో సాయంత్రం దాకా కూర్చుందామనుకున్నాను. కానీ గంటకే కాళ్లు లాగడం మొదలుపెట్టాయి. బయలుదేరతానని లేచాను. "పో, నీకు కూసోరాదు" అని, గంపలో మిర్చి కిందకు కుమ్మరించుకుంది.